ప్రమేయమా, కాదా? ఎడమ పక్క చూస్తే చాలు

బాణాల బొమ్మ గీసి ‘ఇది ప్రమేయమా (ఫంక్షనా), కాదా’ అని అడిగితే, మా గుంటలు ముందు కుడి పక్క గుండ్రంలోకే చూస్తారు. రెండు బాణాలు ఒకేచోట గుచ్చుకున్నాయా, ‘కాదు మేడమ్’ అనేస్తారు. ఈ అలవాటు మాన్పించడానికి నేను రాజాంలో ట్యూషన్ పిల్లలకు ఈ పాఠాన్ని మా ఊరితోనే మొదలుపెడతాను. ఊరు ఉన్నచోటే ఉంది గానీ జిల్లా మారింది. లెక్కకు అంతకంటే ఏం కావాలి?

నోట్‌బుక్‌లో ఎడమ పక్క ఒక గుండ్రం గీసి రాజాం, పాలకొండ, టెక్కలి, బొబ్బిలి అని రాయండి. కుడి గుండ్రంలో శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం. ఇప్పుడు ఊరి నుంచి జిల్లాకు బాణాలు. రాజాం, బొబ్బిలి రెండూ విజయనగరానికి పోతాయి. టెక్కలి శ్రీకాకుళానికి, పాలకొండ మన్యానికి. ఒక్కో బాణాన్ని (రాజాం, విజయనగరం) అని జంటగా రాస్తే అది క్రమయుగ్మం. ముందుది వెనక్కి పెడితే వేరే జంట అయిపోతుంది.

ఇలాంటి జంటల గుంపు ఏదైనా సంబంధమే. దీనికి పట్టింపులు లేవు. టెక్కలి నుంచి మూడు బాణాలు గీసినా, పాలకొండను వదిలేసినా, అసలు ఏ బాణమూ గీయకపోయినా సంబంధమే. ఈ రెండు గుండ్రాల మధ్య 12 జంటలు వస్తాయి, ఒక్కో జంటను ఉంచొచ్చు లేదా తీసేయొచ్చు. కాబట్టి మొత్తం సంబంధాలు 2 ఘాతం 12, అంటే 4096. వీటిలో ప్రమేయాలు, అంటే ప్రతి ఊరి నుంచీ సరిగ్గా ఒక్క బాణమే బయల్దేరేవి, మాత్రం 81. ఒక్కో ఊరికి మూడు దారులు, నాలుగు ఊళ్లు, 3 ఘాతం 4. పరీక్షలో ఈ ఘాతాన్ని తిరగేసి 4 ఘాతం 3 రాసేవాళ్లు బోలెడుమంది. దారులు కింద, ఊళ్లు పైన అని గుర్తుంచుకోండి.

ప్రమేయమో కాదో తేల్చాలంటే పెన్సిల్ మొనను ఎడమ పక్క ఒక్కో ఊరి మీద ఆనించండి. ఇక్కడి నుంచి బాణం బయల్దేరిందా? ఒక్కటే బయల్దేరిందా? అన్ని ఊళ్లకూ ఈ రెండింటికీ అవునని వస్తే ప్రమేయం.

‘రెండూళ్లు ఒకే జిల్లాకెళ్లిపోయాయి కదేటి మేడమ్?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. వెళ్తే వెళ్లనీ. ఒక జిల్లాలో రెండు ఊళ్లు ఉండవా ఏంటి? ఒక ఊరే రెండు జిల్లాల్లో ఉండకూడదు. రాజాం మనిషి అర్జీ పట్టుకుని ఏ కలెక్టరేట్‌కు వెళ్లాలో తేలాలి కదా. ఇప్పుడు బాణాలన్నీ వెనక్కి తిప్పండి. విజయనగరం నుంచి రెండు బయల్దేరతాయి, ప్రమేయం పోయింది.

అసలు మజా 2022 ఏప్రిల్ 4 దగ్గర ఉంది. ఆ రోజు కొత్త జిల్లాలు వచ్చాయి. అంతకుముందు రాజాం, పాలకొండ రెండూ శ్రీకాకుళంలోనివే. పాత బాణాలతో బొమ్మ గీస్తే అదీ ప్రమేయమే, కానీ వేరే ప్రమేయం. పాతవీ కొత్తవీ కలిపి ఒకే బొమ్మలో గీస్తే మాత్రం రాజాం నుంచి రెండు బాణాలు, కాబట్టి ప్రమేయం కాదు. కుడి గుండ్రం మార్చకుండా పాత బొమ్మ చూడండి, మన్యానికి ఒక్క బాణమూ రాదు. మన్యం సహప్రదేశంలో (కుడి గుండ్రం మొత్తం) ఉంది, వ్యాప్తిలో (బాణం తగిలినవి మాత్రమే) లేదు. ఈ తేడా ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనివాళ్లకు కూడా ఇక్కడ ఎక్కుతుంది. కొత్త బొమ్మలో మూడు జిల్లాలకూ బాణాలున్నాయి, కుడి పక్క ఏదీ మిగలలేదు కాబట్టి అది సంగ్రస్తం (ఆన్‌టు). అన్వేకం (వన్-వన్), అంటే ఏ రెండు ఊళ్లూ ఒకే జిల్లాకు పోనిది, మాత్రం పాత, కొత్త బొమ్మలు రెండూ కావు. నాలుగు ఊళ్లకు మూడే జిల్లాలున్నప్పుడు ఎవరో ఇద్దరు కలవక తప్పదు.

సూత్రాలకు వచ్చినా చూపు ఎడమ పక్కే. వై అంటే ఎక్స్ స్క్వేర్ అనుకుంటే 2 వేసినా, మైనస్ 2 వేసినా 4 వస్తుంది. రాజాం, బొబ్బిలి కథే ఇది, ప్రమేయమే. వై స్క్వేర్ ఈక్వల్ టు ఎక్స్ అంటే మాత్రం 4 నుంచి రెండు బాణాలు, 2కు ఒకటి, మైనస్ 2కు ఒకటి. గ్రాఫ్ ఇస్తే స్కేలు నిలువుగా పెట్టి ఎడమ నుంచి కుడికి జరపండి. ఎక్కడైనా గీతను రెండుచోట్ల కోసిందంటే ప్రమేయం కాదు. వృత్తం అక్కడే దొరికిపోతుంది.

ప్రదేశం, అంటే ఎడమ గుండ్రంలో ఉండదగ్గ సంఖ్యలు, కనుక్కోమంటే, ఏ సంఖ్య వేస్తే లెక్క ఆగిపోతుందో వెతికి దాన్ని తీసేయండి. ఒకటి బై (ఎక్స్ మైనస్ 3)లో 3 పనికిరాదు. రూట్ ఎక్స్ మైనస్ 2 అయితే, రూట్ గుర్తు ఎక్స్ మైనస్ 2 మొత్తం మీద ఉందనుకుంటే, 2 కంటే చిన్నవి పనికిరావు.

ఎఫ్ ఆఫ్ ఎక్స్ అంటే ఎఫ్ ఇంటూ ఎక్స్ కాదు. టెన్షన్‌లో పిల్లలు గుణించేస్తుంటారు. ఎఫ్ ఆఫ్ ఎక్స్‌గా ఎక్స్ స్క్వేర్ ప్లస్ 3 ఎక్స్ ఇచ్చి ఎఫ్ ఆఫ్ (ఎక్స్ ప్లస్ 1) అడిగితే, ముందు ఎక్స్ ఉన్నచోటల్లా ఖాళీ బ్రాకెట్ రాయండి: ( ) స్క్వేర్ ప్లస్ 3( ). తర్వాతే రెండింటిలోనూ ఎక్స్ ప్లస్ 1 నింపండి. ఎక్స్ స్క్వేర్ ప్లస్ 5 ఎక్స్ ప్లస్ 4 వస్తుంది. ఎక్స్‌కు 1 వేసి చూడండి, 10 రావాలి. 5 వచ్చిందంటే బ్రాకెట్ వదిలేసి చివర్లో 1 కలిపేశారన్నమాట.