రామప్ప గజవ్యాళాన్ని డిజిటల్ పెయింటింగ్‌గా వేయడం ఎలా?

పాలంపేట రామప్ప గుడికి వెళ్లినవాళ్లు ఎక్కువగా తలెత్తి చూసేది మదనికలనే, అంటే నల్లరాతి స్త్రీ శిల్పాలనే. అదే చూరు కింద నల్లరాతి గజవ్యాళాలు కూడా ఉంటాయి. సింహం ఒళ్లు, ఏనుగు తొండం. 1213 నాటి గుడి అది. ఆ శిల్పి అలాంటి జంతువును ఎక్కడా చూసి ఉండడు. అయినా కింద నిలబడి చూస్తుంటే దాని బరువు మన మీద పడుతున్నట్టే ఉంటుంది. ఎందుకంటే అతను ఏనుగును చూశాడు, పులినో పిల్లినో చూశాడు. ఊహా జంతువుల బొమ్మలు వేయాలనుకునే ప్రతి ఒక్కరికీ నేను ముందు ఈ గుడినే చూపిస్తాను.

ముందు చూడండి

స్టైలస్ (తెర మీద గీసే పెన్ను) పట్టుకునే ముందు రెండు మూడు రోజులు చూడటానికే పెట్టుకోండి. సింహం కాళ్ల కోసం సింహమే దొరకాలని లేదు, ఇంట్లో తిరిగే పిల్లి చాలు. పిల్లి వెనక కాలు మధ్యలో వెనక్కి పొడుచుకొచ్చినట్టు కనిపించేది మడమ. అసలు మోకాలు ఇంకా పైన, పొట్ట పక్కన ఉంటుంది. పిల్లీ సింహమూ వేళ్ల మీదే నడుస్తాయి. ఈ సంగతి పట్టుకోకపోతే ఎంత బాగా రంగులేసినా కాళ్లు కర్రలు గుచ్చినట్టే ఉంటాయి. తొండానికి ఎముక లేదు, కాబట్టి ఎటైనా వంగుతుంది. కానీ మొదట్లో లావుగా ఉండి, చివరికి పోయేకొద్దీ సన్నబడాలి. మన ఆసియా ఏనుగు తొండం కొసన వేలులాంటి మొన ఒకటే ఉంటుంది, ఆఫ్రికా ఏనుగుకు రెండు. ఫొటో చూసి వేసేటప్పుడు ఏది ఏ ఏనుగో గమనించుకోండి.

ఫైల్, లేయర్లు

క్రితా అనే పెయింటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, నేర్చుకోవడానికి అది చాలు. ఏ4 సైజులో ప్రింట్ కావాలంటే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర 2480 × 3508 పిక్సెల్స్ పెట్టుకోండి. స్కెచ్‌కు, ఒంటికి, తలకు, జూలుకు, వెనక గోడకు వేర్వేరు లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పరిచిన పారదర్శక కాగితాల్లాంటి పొరలు, ఉంచండి. నా మొదటి గజవ్యాళాన్ని అంతా ఒకే లేయర్‌లో వేశాను. తొండం కాస్త పైకి జరపబోతే ఛాతీ కూడా దాంతోపాటు తెగి వచ్చింది. రెండు రాత్రుల పని మళ్లీ చేయాల్సి వచ్చింది.

స్కెచ్

గుండ్రాలతో మొదలుపెట్టండి: ఛాతీకి పెద్దది, నడుముకు చిన్నది, తలకు ఒకటి. ఏనుగు తల చాలా బరువు, సింహం మెడ మీద అలాగే అతికిస్తే నిలవదు. అందుకే మెడ పొట్టిగా, భుజాలు మామూలు సింహం కంటే వెడల్పుగా పెట్టండి. ఇక్కడ ఎంతసేపైనా ఆగండి, తొందరేం లేదు. మధ్యమధ్యలో బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పి చూడండి, క్రితాలో ఎం బటన్ నొక్కితే చాలు. ఒక పక్కకు ఒరిగిపోయిన తల అప్పుడు వెంటనే కళ్లకు తగులుతుంది.

వెలుగు ఎటునుంచి?

రంగుల కంటే ముందు బూడిద రంగులో మూడే మూడు ఛాయలతో వేయండి: వెలుగు, నడిమి ఛాయ, నీడ. పొద్దు ఎటు ఉందో ఒకసారి నిర్ణయించుకున్నాక మార్చవద్దు. సాయంత్రం ఎడమ పక్కనుంచి ఎండ పడుతోంది అనుకుందాం. అప్పుడు తొండం నీడ ఛాతీ మీద కుడివైపుకు పడాలి. బొమ్మను బొటనవేలి గోరంత చిన్నగా చేసి చూడండి. అప్పుడు కూడా జంతువు పోల్చుకునేలా ఉంటేనే ముందుకు వెళ్లండి.

రంగుల కోసం పైన కలర్ మోడ్‌లో (కింది వెలుగునీడలు అలాగే ఉంచి రంగు మాత్రమే అద్దే పద్ధతి) ఒక లేయర్ వేయొచ్చు. కానీ అంతటితో ఆపితే బొమ్మ మసి పట్టినట్టు ఉంటుంది. దాని మీద మామూలు లేయర్ తీసుకుని, అసలు రంగులతో మళ్లీ పెయింట్ చేయాల్సిందే. వెనక గోడకు రామప్ప ఇసుకరాయి ఎరుపు పెట్టండి, ముందున్న నల్లని ఒళ్లు దాని మీద తేటగా నిలబడుతుంది.

చర్మం, కన్ను

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. నల్లని చర్మానికి నలుపు రంగు వాడకండి. ఒక సాయంత్రం ఏదైనా చెరువు గట్టు మీద కూర్చుని, నీళ్లలోంచి లేచి వచ్చే బర్రెను చూడండి. వీపు మీద ఆకాశం నీలం ఉంటుంది, పక్కటెముకల మీద ఎండ పసుపు, పొట్ట కింద గట్టు మట్టి ఎరుపు. అసలు నలుపు మడతల లోపల మాత్రమే మిగులుతుంది. గజవ్యాళానికీ అవే రంగులు, అవే చోట్ల. తొండం మడతలు అడ్డంగా వేయండి, అన్నీ ఒకే దూరంలో వేయకండి. వంపు లోపలివైపు దగ్గరదగ్గరగా, బయటివైపు సాగినట్టుగా ఉండాలి.

తొండం ఎక్కడ ఆగి జూలు ఎక్కడ మొదలవుతుందో గీత గీయవద్దు. నుదుటి మీద చిన్న చిన్న వెంట్రుకలతో మొదలుపెట్టి, చెవుల వెనక్కి పోయేకొద్దీ పొడుగు చేయండి. జూలును మొదట పెద్ద పాయలుగా వేసుకోండి, పోగులు చివర్లో, వెలుగు తగిలే అంచుల్లోనే.

కన్ను ముందు ముదురు గోధుమ రంగుతో నింపండి. పై రెప్ప నీడ వేయండి. తెల్ల చుక్క పైన ఎడమవైపు పెడితే, కనుపాపకు ఎదురుగా కింద కుడివైపు కొంచెం తేనె రంగు వెలిగించండి. కంట్లోకి వెళ్లిన వెలుగు అటువైపు తేలుతుంది. తెల్ల చుక్క ఒక్కటే చాలు, అది కూడా చిన్నది.

ప్రింట్‌కు ముందు

లేయర్లున్న అసలు ఫైల్‌ను అలాగే దాచి, పీఎన్‌జీ కాపీ వేరుగా తీయండి. ఫోన్, మానిటర్ వెలుతురు ఎక్కువ పెట్టుకుని వేసిన బొమ్మ కాగితం మీద నల్లగా దిగుతుంది. తెర వెలుతురు సగానికి తగ్గించి చూడండి. నీడలో కాలిగోళ్లు కలిసిపోయి ఉంటే ఆ నీడను కొంచెం తేలిక చేసి, ముందు అరచేతంత ప్రింట్ ఒకటి తీయించండి. అందులో గోళ్లు కనిపించాకే పెద్దదానికి ఇవ్వండి.