డెస్క్‌టాప్ యాప్ ఫైల్ తెరవనంటే ఎక్కడ వెతకాలి

"ఫైల్ తెరవడం కుదరలేదు" అనే సందేశంతో ఏమీ తేలదు. కావలసినవి రెండు: ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చిన ఎర్రర్ నంబరు, యాప్ తెరవబోయిన ఫైల్ పూర్తి పాత్ (అది ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే దారి). కోడ్ మీదే అయితే ముందు ఈ రెండూ లాగ్‌లో పడేలా చేయండి. ఎక్సెప్షన్‌ను, అంటే నడుస్తుండగా తలెత్తిన లోపాన్ని, పట్టుకుని, సొంత సందేశం చూపించి, అసలు నంబరును పారేసే కోడ్ వల్లే సగం తిప్పలు.

విండోస్‌లో 2 వస్తే ఫైల్ లేదు, 3 వస్తే దారిలోని ఫోల్డరే లేదు. ఫైల్ కళ్లెదుటే ఉన్నా 2 వస్తోందంటే రిలేటివ్ పాత్‌ను, అంటే యాప్ నడుస్తున్న ఫోల్డర్ నుంచి లెక్కించే పాత్‌ను, అనుమానించండి. షార్ట్‌కట్‌లోని "స్టార్ట్ ఇన్" గడి మారితే అదే పాత్ వేరే ఫోల్డర్‌లో వెతుకుతుంది. ఎక్స్‌టెన్షన్లు దాచి ఉంటే ఫైల్ పేరు చివర రెండోసారి టీఎక్స్‌టీ చేరిందేమో కూడా చూడండి.

5 అంటే యాక్సెస్ డినైడ్. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో సెట్టింగ్స్ రాయబోవడం దీనికి మామూలు కారణం. వాటి చోటు ప్రతి యూజర్‌కి విడిగా ఉండే యాప్‌డేటా ఫోల్డర్. కానీ ప్రతి 5 పర్మిషన్ల గొడవ కాదు. రీడ్-ఓన్లీ ఫైల్‌లో రాయబోయినా, ఫైల్ అనుకుని ఫోల్డర్‌ను తెరవబోయినా ఇదే నంబరు వస్తుంది.

ఎక్కువ సమయం తినేది 32, షేరింగ్ వయొలేషన్. ఫైల్‌ను ఇంకెవరో పట్టుకున్నారు. చాలాసార్లు ఆ ఎవరో మీ యాప్‌లోనే మూయడం మరిచిన హ్యాండిల్ (ఫైల్ తెరిచినప్పుడు సిస్టమ్ ఇచ్చే పట్టు). విండోస్‌లోని రిసోర్స్ మానిటర్‌లో సీపీయూ ట్యాబ్‌కి వెళ్లి, అసోసియేటెడ్ హ్యాండిల్స్‌లో ఫైల్ పేరు వెతికితే పట్టుకున్న ప్రాసెస్ దొరుకుతుంది. డాట్‌నెట్‌లో ఒక చిక్కుంది: వేరే ప్రోగ్రామ్ రాస్తున్న లాగ్‌ను చదవడానికి, ఫైల్ తెరిచేటప్పుడు ఇతరులకు ఏం అనుమతిస్తారో చెప్పే ఫైల్‌షేర్‌లో రీడ్ సరిపోదు, రీడ్‌రైట్ ఇవ్వాలి. మీరు చదవడానికే తెరుస్తున్నా, అవతలివాళ్లు రాయడానికి మీరూ ఒప్పుకోవాలన్నమాట. సేవ్ చేసిన వెంటనే ఒక్కోసారి మాత్రమే వచ్చే 32 వెనుక యాంటీవైరస్ ఉండొచ్చు. అప్పుడు 100 మిల్లీసెకన్ల విరామంతో నాలుగైదు సార్లు మళ్లీ ప్రయత్నించండి. 5కి మాత్రం ఈ మందు వేయకండి.

నంబరు దొరకకపోతే ప్రాసెస్ మానిటర్ నడపండి; యాప్‌లు ఏ ఫైల్‌ను తాకాయో, ఫలితం ఏమిటో వరుసలుగా చూపే మైక్రోసాఫ్ట్ టూల్ ఇది. ప్రాసెస్ పేరుతో ఫిల్టర్ పెట్టి, రిజల్ట్ సక్సెస్ అయిన వరుసలను తీసేసి, తప్పు జరిగేలా చేసి వెంటనే క్యాప్చర్ ఆపండి. నేమ్ నాట్ ఫౌండ్ వరుసలు బోలెడు కనిపిస్తాయి, కంగారు వద్దు; డీఎల్ఎల్‌ను (ప్రోగ్రామ్ వాడుకునే కోడ్ ఫైల్‌ను) ఒక్కో ఫోల్డర్‌లో వెతికినప్పుడల్లా అవి పడతాయి. సందేశం వచ్చిన క్షణానికి కాస్త ముందున్న వరుసలే చూడండి.

లినక్స్‌లో 13 (పర్మిషన్ డినైడ్) వస్తే ఫైల్ పర్మిషన్లతో ఆగిపోకండి. పైనున్న ఏ ఒక్క ఫోల్డర్‌కి ఎక్స్ అనుమతి (దాని గుండా లోపలికి వెళ్లే అనుమతి) లేకపోయినా దారి మూసుకుపోతుంది. నేమ్ఐ కమాండ్‌ను ఎల్ ఆప్షన్‌తో నడిపితే దారిలోని ప్రతి మెట్టు పర్మిషన్లూ ఒకేచోట కనిపిస్తాయి. సుడోతో, అంటే అడ్మిన్ హక్కులతో, నడిపి చూద్దామనుకుంటే జాగ్రత్త: అప్పుడు పుట్టిన ఫైళ్లు రూట్ (అడ్మిన్ యూజర్) పేరున ఉండిపోతాయి, మామూలుగా నడిపినప్పుడు యాప్ వాటిలో రాయలేక కొత్తగా 13 ఇస్తుంది.