పిల్లాడికి దగ్గా? సిరప్ మూత తీసే ముందు చొక్కా ఎత్తి చూడండి

అర్ధరాత్రి పిల్లాడు ఖళ్లుఖళ్లుమని దగ్గుతుంటే ఎవరికైనా టెన్షనే, చెయ్యి తిన్నగా ఫ్రిజ్ మీదున్న పాత సిరప్ సీసా మీదికే పోతుంది. ఆగండి. దగ్గు ఎంత గట్టిగా వినబడుతోందని కాదు, ఊపిరి ఎలా ఆడుతోందో చూడాలి.

నిద్రపోతున్నప్పుడో, ఏడవకుండా ఒళ్లో ఉన్నప్పుడో చొక్కా పైకెత్తి, ఫోన్‌లో నిమిషం టైమర్ పెట్టి పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో లెక్కపెట్టండి. పావు నిమిషం చూసి నాలుగుతో గుణించొద్దు, పసిపిల్లల ఊపిరి ఒకే తీరుగా ఉండదు. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40, లెక్క అక్కడికి చేరితే న్యుమోనియా కావచ్చు, ఆ రోజే డాక్టరుకు చూపించాలి. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతుంటే (పెద్దవాళ్లు డొక్కలెగరేస్తున్నాడు అనేది దీన్నే), పెదాలు నీలంగా మారితే, పాలు తాగలేక మత్తుగా పడి ఉంటే తెల్లారేదాకా చూడకండి, 108కి ఫోన్ చెయ్యండి.

ఇంకోటి. జలుబూ జ్వరమూ ఏమీ లేకుండా, పల్లీలు తింటూ ఆడుకుంటున్న పిల్లాడు ఉన్నట్టుండి దగ్గడం మొదలుపెడితే గింజ ఊపిరిగొట్టంలోకి పోయిందేమోనని అనుమానించాలి, కాసేపటికి దగ్గు ఆగిపోయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

ఇవేవీ లేవు, ముక్కు కారుతోంది, ఆడుతున్నాడు, తింటున్నాడు అంటే మామూలు జలుబు దగ్గే. రెండు వారాలు పట్టొచ్చు, యాంటీబయాటిక్ వేసినా త్వరగా పోదు. ముక్కులో సెలైన్ చుక్కలు, మాటిమాటికీ కాస్త ద్రవాలు, ఏడాది దాటిన వాళ్లకి పడుకోబోయే ముందు అర స్పూను తేనె. ఏడాదిలోపు తేనె నాకించడం మాత్రం వద్దే వద్దు, బొట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు వచ్చే ప్రమాదం ఉంది.

సిరప్ సంగతా? 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం కలిసిన దగ్గుమందు తాగి కిడ్నీలు పాడై పిల్లలు చనిపోయారు. రెండేళ్లలోపు వాళ్లకి దగ్గు, జలుబు మందులు రాయొద్దని, ఐదేళ్లలోపు మామూలుగా అవసరం లేదని కేంద్ర ఆరోగ్య శాఖ అప్పుడే చెప్పింది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోకండి.

ఇక సాంబ్రాణి పొగ. స్నానం కాగానే పొగ వెయ్యకపోతే మా అత్తయ్యకి తోచదు, ఒప్పించడానికి నాకు రెండు శీతాకాలాలు పట్టింది. పొగ ఏదైనా దగ్గును రేపుతుంది, దోమల చుట్టా అంతే. ముక్కులో ఆముదం చుక్కలు వెయ్యడం ఇంకా ప్రమాదం, నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది.

రెండు వారాలు దాటినా తగ్గకపోతే టీబీ, కోరింత దగ్గు లాంటివి ఉన్నాయేమో చూపించాలి, రాత్రుళ్లు పిల్లికూతలతో వస్తుంటే ఉబ్బసం గురించి అడగండి. వెళ్లే ముందు దగ్గుతున్నప్పుడు ఒక వీడియో తీసి పెట్టుకోండి, ఎందుకంటే డాక్టరు ఎదుట మనవాడు ఒక్కసారి కూడా దగ్గడు.