చిన్న పడవకు డెప్త్ సౌండర్ అమర్చడం, దాని లోపాలను కనిపెట్టడం

నీటి లోతును ధ్వనితో కొలిచి తెర మీద చూపే డెప్త్ సౌండర్ సరిగ్గా పనిచేయడం లేదని ఎవరైనా చెప్పినప్పుడు నేను ముందుగా చూసేది తెరను కాదు, పడవ అడుగున ట్రాన్స్‌డ్యూసర్ (ధ్వనిని పంపి, ప్రతిధ్వనిని అందుకునే భాగం) అమర్చిన చోటును. తెరగానీ దాని లోపలి ఎలక్ట్రానిక్స్‌గానీ చెడిపోవడం అరుదు. ట్రాన్స్‌డ్యూసర్ ముఖానికీ నీటికీ మధ్య గాలి చేరడం మాత్రం తరచూ జరిగేదే. అందువల్ల ఈ పనికి ఒక రోజు కేటాయించుకున్నవారు అందులో సగం పూట చోటు వెతకడానికీ, రంధ్రం వేయకముందే ఆ చోటును పరీక్షించడానికీ వెచ్చించాలని నా గట్టి అభిప్రాయం.

గాలికి ఇంత ప్రాధాన్యం ఎందుకో తెలియాలంటే పరికరం పనిచేసే తీరు తెలియాలి. ట్రాన్స్‌డ్యూసర్‌లో ఉండే పింగాణీ బిళ్ల విద్యుత్ స్పందనను ధ్వనిగా మార్చి కిందికి పంపుతుంది, నేలను తాకి తిరిగివచ్చిన ప్రతిధ్వనిని మళ్లీ విద్యుత్తుగా మారుస్తుంది. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్లు ప్రయాణిస్తుంది కనుక 15 మీటర్ల లోతున్న చోట అది వెళ్లి రావడానికి 20 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ కాలాన్ని కొలిచి, వేగంతో గుణించి, సగం చేయగా వచ్చినదే తెర మీద కనిపించే లోతు. అయితే నీరూ గాలీ కలిసే చోట ధ్వని దాదాపు పూర్తిగా వెనక్కి మళ్లుతుంది. చేపల కడుపులోని గాలితిత్తి తెర మీద అంత స్పష్టంగా కనిపించడానికి కారణం ఇదే. ట్రాన్స్‌డ్యూసర్ ముఖం కింద పారే నురగ కూడా అదే పని చేస్తుంది: ధ్వని నేల దాకా వెళ్లకముందే తెర దించినట్టు అడ్డుకుంటుంది.

చిన్న పడవల్లో వాడే పరికరాలు ఎక్కువగా 200 కిలోహెర్ట్జ్, 50 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యాలతో పనిచేస్తాయి. మొదటిది సన్నని ధ్వని శంకువుతో తక్కువ లోతులో వివరంగా చూపుతుంది, రెండవది వెడల్పుగా విస్తరించి ఎక్కువ లోతుకు చేరుతుంది. నదులు, చెరువులు, తీరానికి దగ్గరి నీళ్లలో తిరిగే పడవకు 200 సరిపోతుంది. శంకువు కోణం 20 డిగ్రీలైతే 10 మీటర్ల లోతున అది సుమారు మూడున్నర మీటర్ల వెడల్పు నేలను తాకుతుందనీ, ఆ వెడల్పులో అన్నిటికంటే ముందు ప్రతిధ్వని ఇచ్చిన ఎత్తైన భాగాన్నే పరికరం సాధారణంగా లోతుగా చూపుతుందనీ గుర్తుంచుకుంటే, ఏటవాలు నేల మీద, ఇరుకైన కాలువల్లో కనిపించే వింత అంకెలు అర్థమవుతాయి.

చోటు ఎంపిక

వెనుక పలకకు, అంటే ట్రాన్సమ్‌కు, బిగించే రకం చిన్న మోటారు పడవలకు అన్నిటికంటే సులువైనది. దాన్ని ప్రొపెల్లర్‌కు కనీసం 40 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. వెనుక నుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో తిరిగే ప్రొపెల్లర్ ఉన్న పడవలో కుడి పక్కన రెక్కలు కిందికి దిగుతాయి గనుక అక్కడ బుడగల బెడద తక్కువ; కాబట్టి కుడి పక్కనే ఎంచుకోవాలి. ఎంచుకున్న చోటు నుంచి ముందుకు, పడవ అడుగు వెంబడి చేత్తో తడుముతూ వెళ్లండి. దారిలో పొడవాటి గట్టుగానీ, రివెట్ల వరుసగానీ, నీరు తోడే రంధ్రంగానీ తగిలితే పడవ వేగమందుకున్నప్పుడు వాటి వెనుక పుట్టే నురగంతా నేరుగా ట్రాన్స్‌డ్యూసర్ మీదికే వస్తుంది. నా మొదటి పడవలో వేగం పెరగగానే అంకెలు మాయమవుతుంటే నేను ఒక కాలమంతా తీగలు మార్చాను, ఫ్యూజులు మార్చాను. చివరికి కారణం ట్రాన్స్‌డ్యూసర్‌కు రెండు అడుగుల ముందున్న ఒక చిన్న నీటి రంధ్రమని తేలింది. ట్రాన్స్‌డ్యూసర్‌ను ఒక జానెడు పక్కకు జరపగానే సమస్య తీరింది.

ఎత్తు విషయంలో తయారీదారు కొలత ఇచ్చి ఉంటే దాన్నే పాటించాలి. ఇవ్వకపోతే ఫైబర్‌గ్లాస్ పడవకు ముఖం పడవ అడుగు కంటే సుమారు 3 మిల్లీమీటర్లు, అల్యూమినియం పడవకు సుమారు 10 మిల్లీమీటర్లు కిందికి ఉండేలా పెట్టి, వెనుక అంచును కొద్దిగా కిందికి వాల్చాలి. అంతకంటే బాగా కిందికి దించితే ట్రాన్స్‌డ్యూసరే నీటిని చీల్చి నురగ పుట్టిస్తుంది.

పలకకు నేరుగా మరలు బిగించే బదులు ముందుగా గట్టి ప్లాస్టిక్ పలక ఒకటి అతికించి, బ్రాకెట్టును దానికి బిగించమని నా సలహా. చోటు నచ్చకపోతే పడవకు కొత్త రంధ్రాలు వేయకుండానే మార్చుకోవచ్చు. పడవకే రంధ్రం వేయక తప్పనప్పుడు డ్రిల్ బిట్టుకు కావలసిన లోతు దగ్గర టేపు చుట్టుకుని, రంధ్రం అంచును కొంచెం వెడల్పు చేసి, ఫైబర్‌గ్లాస్ పైపూత చిట్లకుండా చూసుకుని, మర తిప్పకముందే రంధ్రాన్ని నీటిలో వాడదగిన సీలెంట్‌తో నింపాలి. కేబుల్ నీటిమట్టానికి పైగానే లోపలికి వెళ్లాలి. అది రంధ్రంలోకి ప్రవేశించే చోట కిందికి ఒక వంపు వదిలితే కేబుల్ వెంట జారే నీరు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

పడవ లోపలే అడుగుకు అతికించే రకానికి రంధ్రమే అవసరం లేదు, నీటిలో ఏదీ వేలాడదు. కానీ ఇది గట్టి, ఏకశిలలాంటి ఫైబర్‌గ్లాస్ అడుగు ఉన్న పడవలకే పనికివస్తుంది. మధ్యలో ఫోమ్ లేదా తేలిక కలప పొర ఉన్న అడుగు, చెక్క అడుగు, లోహపు అడుగు ధ్వనిని దాటనివ్వవు. దీన్ని అతికించే ముందు ఒక చిన్న పరీక్ష తప్పనిసరి. పడవ నీటిలో ఉండగా పల్చని పాలిథీన్ సంచిలో నీళ్లు నింపి, గాలి లేకుండా ట్రాన్స్‌డ్యూసర్‌ను అందులో ఉంచి మూతి కట్టి, తడిపిన అడుగు మీద అదిమి లోతు చూడండి. తర్వాత అదే ట్రాన్స్‌డ్యూసర్‌ను పడవ పక్క నుంచి నేరుగా నీటిలోకి దించి చూడండి. ట్రాన్స్‌డ్యూసర్ మునిగిన మేరకు ఉండే కొద్దిపాటి తేడా తప్ప రెండు అంకెలూ కలిస్తే, అందులోనూ మీరు తిరిగే నీళ్లలో బాగా లోతైన చోట కూడా కలిస్తే, ఆ చోటు మంచిదే. అంకె తడబడితే కొద్ది సెంటీమీటర్లు జరిపి మళ్లీ చూడాలి.

అతికించేటప్పుడు పైపూతను గరుకు కాగితంతో రుద్ది ఫైబర్‌గ్లాస్ కనిపించేలా చేసి, శుభ్రపరచి, నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీని పోసి, ట్రాన్స్‌డ్యూసర్‌ను అటూ ఇటూ తిప్పుతూ అదిమితే చిక్కుకున్న బుడగలు అంచుల నుంచి బయటకు వస్తాయి. ఒక్క బఠాణీ గింజంత బుడగ మిగిలినా పనితీరు తగ్గుతుంది. ఈ రకంలో నీటి ఉష్ణోగ్రత చూపే సౌకర్యం ఉన్నా ఆ అంకెను నమ్మకూడదు, అది పడవ అడుగు ఉష్ణోగ్రత.

అడుగు గుండా రంధ్రం చేసి బిగించే మూడో రకం ధ్వనిపరంగా ఉత్తమమైనదే, కానీ నీటిమట్టం కింద పెద్ద రంధ్రం చేయడంలో అనుభవం లేనివారు ఆ పనిని పడవలు కట్టేవారికి అప్పగించడం మంచిది. లోహాల గురించి మాత్రం ఇక్కడే చెప్పాలి: అల్యూమినియం పడవకు కంచు ట్రాన్స్‌డ్యూసర్ పెడితే నీటిలో రెండు లోహాల మధ్య విద్యుత్ రసాయన చర్య జరిగి పడవ అడుగే తినేయబడుతుంది, చెక్క పడవకు ప్లాస్టిక్ ట్రాన్స్‌డ్యూసర్ పెడితే చెక్క ఉబ్బినప్పుడు ప్లాస్టిక్ పగిలే ప్రమాదం ఉంది.

తీగలు, విద్యుత్తు

ట్రాన్స్‌డ్యూసర్ కేబుల్‌ను కత్తిరించకూడదు, అతకకూడదు. మిగిలిన పొడవును వదులుగా చుట్టి పొడిగా ఉండే చోట కట్టేయాలి. ఆ కేబుల్‌లో వచ్చే ప్రతిధ్వని సంకేతం చాలా బలహీనమైనది కనుక దాన్ని ఇంజను తీగలకూ, రేడియో యాంటెన్నా కేబుల్‌కూ, పంపుల తీగలకూ వీలైనంత ఎడంగా లాగాలి. దాటక తప్పని చోట అడ్డంగా దాటించాలి, పక్కపక్కనే జతగా నడిపించకూడదు. విద్యుత్తును 12 వోల్టుల బ్యాటరీ నుంచి వేరుగా, బ్యాటరీకి దగ్గరగా పెట్టిన ఫ్యూజు ద్వారా తెచ్చుకోవాలి. ఫ్యూజు ఎంతదో పరికరంతో వచ్చిన పుస్తకంలో ఉన్నట్టే వేయాలి. తగరం పూత ఉన్న రాగి తీగ తేమకు నల్లబడకుండా ఎక్కువ కాలం నిలుస్తుంది.

లోతును ఎక్కడి నుంచి లెక్కించాలి

పరికరం స్వతహాగా కొలిచేది ట్రాన్స్‌డ్యూసర్ ముఖం నుంచి నేల వరకు ఉన్న దూరం మాత్రమే. ట్రాన్స్‌డ్యూసర్ నీటిమట్టానికి 0.3 మీటర్లు కింద ఉందనుకుంటే, నీటి ఉపరితలం నుంచి లోతు కావాలన్నప్పుడు సెట్టింగులో 0.3 కలపాలి. కీల్ (పడవ అడుగున మధ్యగా పొడవునా ఉండే దూలం) అడుగు అంచు ట్రాన్స్‌డ్యూసర్ కంటే మరో 0.5 మీటర్లు కింద ఉంటే, కీల్ కింద ఎంత నీరుందో తెలియడానికి 0.5 తీసివేయాలి. ఏ పద్ధతి ఎంచుకున్నా పడవ నడిపే ప్రతి ఒక్కరికీ అది తెలియాలి. తెర పక్కనే ఒక చీటీ మీద రాసి అంటించడం నా అలవాటు. తెర మీది 1.0 అనే అంకెను ఒకరు కీల్ కింది నీరనీ, మరొకరు ఉపరితలం నుంచి లోతనీ అనుకుంటే, ఆ పొరపాటు నేల తగిలాకే బయటపడుతుంది. ఫాథమ్‌లలో చూపే పరికరమైతే ఒక ఫాథమ్ ఆరు అడుగులు, అంటే సుమారు 1.83 మీటర్లు.

సెట్టింగు పూర్తయ్యాక సీసపు గుండు కట్టిన తాడుతో సరిచూడాలి. జర్మన్ భౌతిక శాస్త్రవేత్త అలెగ్జాండర్ బేమ్ 1913లో ప్రతిధ్వనితో లోతు కొలిచే పద్ధతికి పేటెంటు పొందడానికి ఎన్నో శతాబ్దాల ముందు నుంచీ నావికులు నమ్ముకున్న సాధనం అదే, నేటికీ దానికి మించిన సాక్ష్యం లేదు. నేల చదునుగా, గట్టిగా ఉన్న చోట ఒకసారి 3 మీటర్లలో, మరొకసారి 10 మీటర్లలో కొలవండి. తేడా రెండు చోట్లా ఒకే అంత ఉంటే సెట్టింగు తప్పు. లోతుతో పాటు తేడా పెరుగుతుంటే కారణం ధ్వని వేగం. బాగా చల్లని మంచినీటిలో ధ్వని వేగం సెకనుకు 1420 మీటర్ల దాకా తగ్గుతుంది. 1500 అనుకుని లెక్కించే పరికరం అక్కడ 10 మీటర్ల లోతును పదిన్నర మీటర్లకు పైగా చూపుతుంది. ఉన్నదానికంటే ఎక్కువ నీరుందని చెప్పే పొరపాటు గనుక దీన్ని తేలికగా తీసుకోకూడదు.

లోపాలను కనిపెట్టడం

తెర వెలగకపోతే ఫ్యూజు, కనెక్టరు పిన్నులు, ధన రుణ తీగలు తారుమారు కావడం అనే వరుసలో చూసుకోవాలి. ఇంజను స్టార్ట్ చేసిన ప్రతిసారీ తెర ఆరి వెలుగుతుంటే స్టార్టర్ మోటారు విద్యుత్తును లాగడం వల్ల వోల్టేజీ పడిపోతోందని అర్థం. మల్టీమీటరుతో పరికరం ప్లగ్గు దగ్గర, పరికరం నడుస్తుండగానే కొలవాలి. పరికరం ఆపి బ్యాటరీ దగ్గర కొలిచిన అంకె ఈ విషయంలో ఏమీ చెప్పదు.

తెర వెలుగుతోంది, కానీ లోతుకు బదులు గీతలు వస్తున్నాయి, లేదా ఒకే అంకె మిణుకుమిణుకుమంటోంది. చాలా పరికరాలు ప్రతిధ్వని అందనప్పుడు చివరిగా తెలిసిన లోతునే ఇలా మెరిపిస్తూ చూపుతాయి కనుక ఆ అంకెను ఇప్పటి లోతుగా భావించడం ప్రమాదం. ముందుగా లోతు పరికరం పరిధిలో ఉందో లేదో చూడాలి. అర మీటరు కంటే తక్కువ నీటిలో చాలా పరికరాలు అసలు కొలవలేవు. తర్వాత ముఖం మీద పాచి, నత్తగుల్లలు చేరాయేమో చూసి మెత్తని గుడ్డతో తుడవాలి, గీకకూడదు. అప్పుడే నీటిలోకి దించిన పడవలో ముఖానికి పల్చని గాలిపొర అంటుకుని ఉంటుంది, దాన్ని గిన్నెలు తోమే సబ్బు నీటితో రుద్దితే వదులుతుంది. పరికరం నడుస్తుండగా ట్రాన్స్‌డ్యూసర్‌కు చెవి దగ్గరగా పెడితే చాలా రకాల్లో సన్నని టిక్ టిక్ శబ్దం వినిపిస్తుంది. అది వినిపిస్తే స్పందనలు అక్కడిదాకా చేరుతున్నాయన్నమాట.

ఆగి ఉన్నప్పుడు బాగానే చూపి, వేగంలో మాయమయ్యే లోపమే అన్నిటికంటే సాధారణం. ఇక్కడ కారణం నీటిలోని గాలా, ఇంజను విద్యుత్ గోలా అన్నది ముందు తేల్చుకోవాలి. పడవను కట్టేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, తయారీదారు అనుమతించిన మేరకు ఇంజను వేగం పెంచండి. నీరు కదలకపోయినా అంకెలు చెదిరితే అది విద్యుత్ గోల: తీగల దారి మార్చాలి, లేదా పరికరాన్ని తాత్కాలికంగా వేరే బ్యాటరీతో నడిపి చూడాలి. న్యూట్రల్‌లో నిలకడగా ఉండి, పడవ కదిలినప్పుడే చెదిరితే అది గాలి: బ్రాకెట్టును ఒక్కో మిల్లీమీటరు దించుతూ, వెనుక అంచును కొద్దికొద్దిగా వాల్చుతూ, ప్రతి మార్పు తర్వాతా పరుగు తీసి చూడాలి. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. వెనక్కి నడిపేటప్పుడు ప్రొపెల్లర్ నురగను ముందుకు నెడుతుంది గనుక అప్పుడు అంకెలు పోవడం లోపం కాదు.

తక్కువ నీటిలో, గట్టి నేల మీద లోతు సరిగ్గా రెట్టింపు చూపితే ప్రతిధ్వని ఉపరితలాన్ని తాకి రెండోసారి వెళ్లి వచ్చిందని అర్థం. సున్నితత్వం తగ్గిస్తే సరిపోతుంది. లోతైన నీటిలో ఉన్నట్టుండి రెండు మూడు మీటర్లు చూపితే నీటి మొక్కలు, చేపల గుంపు, మరో పడవ వదిలిన నురగ, లేదా చల్లని నీటిపొర మీద వెచ్చని నీటిపొర కలిసే హద్దు కారణం కావచ్చు. అదే పౌనఃపున్యంతో పక్కనే మరో పడవ సౌండర్ నడుస్తున్నా అంకెలు గెంతులు వేస్తాయి.

వీటన్నిటి తర్వాత కూడా ప్రతిధ్వని రాకపోతే అదే రకం ట్రాన్స్‌డ్యూసర్ ఒకటి అరువు తెచ్చుకుని, ప్లగ్గు పెట్టి, పడవ పక్క నుంచి నీటిలోకి దించి చూడండి. దానితో లోతు కనిపిస్తే మీ తెర బాగానే ఉంది, మార్చవలసింది ట్రాన్స్‌డ్యూసర్‌నే. కొత్తది కొనేటప్పుడు పౌనఃపున్యం, కనెక్టరు, అమర్చే రకం పాతదానితో సరిపోవాలి. అమర్చాక లోతు సవరణ అంకెను మళ్లీ కొలిచి వేయాలి, ఎందుకంటే కొత్త ట్రాన్స్‌డ్యూసర్ ముఖం పాతది ఉన్న ఎత్తులోనే ఉంటుందన్న హామీ లేదు.