కొయ్య కట్టడాన్ని చదవడం – 3వ పాఠం: మోసే చెక్క, సోకు చెక్క

కిందటి పాఠంలో చట్రం సంగతి చూశాం. ఇంటి బరువు గోడ మోయదు, కొయ్య మోస్తుంది. గోడ అనేది నిలువులకీ అడ్డాలకీ మధ్య ఖాళీ పూడ్చే తడిక, దాని మీద మెత్తిన మట్టి. మన ఊళ్లలో తడిక గోడలు చూసినవాళ్లకి ఇది కొత్తేం కాదు. ఈసారి ఒక ఇంటి ముఖాన్ని ఎదురుగా పెట్టుకుని, ఏ చెక్క బరువు మోస్తోందో, ఏది సోకుకి నిలబడిందో విడదీద్దాం.

నమూనా: ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్‌లో, లడ్లో పట్టణం బుల్ రింగ్ వీధిలో ఉన్న 'ఫెదర్స్'. ముందు వైపు ఫొటో ఒకటి వెతికి పెద్దది చేసి పెట్టుకోండి. పెన్సిలు, కాగితం కూడా.

బాటసారులు డబ్బిచ్చి దిగే ఇలాంటివాటిని అక్కడ 'ఇన్' అంటారు. సత్రం అని రాయబోయి ఆగాను. సత్రంలో డబ్బు తీసుకోరు కదా! మన పూటకూళ్ల ఇల్లు కొంత దగ్గర. దానికి పడకలు, గుర్రపుశాల, బీరు కలపాలి.

మొదటిసారి ఈ ముఖాన్ని చూసినప్పుడు నాకు కళ్లు తిరిగాయి. మూడు అంతస్తులు, పైన మూడు త్రికోణపు చూరులు, వాటి మధ్యంతా వజ్రాకారపు నమూనాలు, చెక్కుడు పని. అంతా ఒకేసారి చూస్తే ఏమీ కనబడదు. అందుకని ముందు అడ్డగీతలు పట్టుకోండి. పై అంతస్తు కింది అంతస్తు కంటే వీధిలోకి ముందుకు వచ్చిన చోట బారుగా ఒక దూలం కనిపిస్తుంది. ఆ ముందుకు రావడాన్ని 'జెట్టీ' అంటారు. పడవల జెట్టీకీ ఇదే పేరు, అదీ నీళ్లలోకి చొచ్చుకొచ్చేదే. కాగితం మీద ముందు ఈ గీతలు గీయండి.

తర్వాత నిలువులు. ఒక అంతస్తు అడుగు దూలం నుంచి పై దూలం దాకా ముక్క తెగకుండా వెళ్లిన వెడల్పాటి కొయ్య మోసేది. రెండు కొయ్యల మధ్య ఇరుక్కున్న పొట్టి ముక్క, ముఖ్యంగా వంపు తిరిగింది, చాలావరకు సోకుది. ఒక చిక్కుంది. జెట్టీ ఉన్న ముఖంలో నేల నుంచి చూరు దాకా ఒకే స్తంభం ఉండదు. ఏ అంతస్తు నిలువులు ఆ అంతస్తువే. కింది స్తంభానికి సరిగ్గా పైన ఇంకోటి లేదని కంగారుపడకండి.

ఇక దగ్గరికి వెళ్దాం. రెండు కొయ్యలు కలిసే చోట గుండ్రటి చుక్కల్లాంటివి కనిపిస్తే అవి ఓక్ అనే గట్టి కలపతో చేసిన చీలల తలలు. ఒక కొయ్య చివర నాలుకలా చెక్కి, రెండోదాంట్లో తొలిచిన బెజ్జంలోకి దించి, అడ్డంగా చీల దిగ్గొడతారు. నాలుకలోని రంధ్రాన్ని కావాలనే ఒక నూలు నాలుక మొదలు వైపుకి జరిపి వేస్తారు. చీల దిగేకొద్దీ నాలుకని లాగి బిగిస్తుంది. ఓక్‌ని పచ్చిగానే కోసి వాడతారు కాబట్టి ఆరుతూ ముడుచుకుంటుంది, మెలి తిరుగుతుంది. పాత ఇళ్లు వంకరగా ఉండడానికి కారణం వడ్రంగి చేతకానితనం కాదు, ఇది. చీల తల ఉన్న అతుకు దగ్గర మీ కాగితంపై చుక్క పెట్టండి. చుక్కలు ఎక్కువగా ఏ గీతల మీద పడుతున్నాయో చూస్తే అసలు చట్రం దానంతటదే బయటపడుతుంది.

రంగుని మాత్రం నమ్మకండి. తెల్ల గోడ మీద నల్ల కొయ్య అంటే పాతకాలం అనుకుంటాం. అంత ముదురు నలుపు చాలా ఇళ్లకి 19వ శతాబ్దపు మోజులో పట్టింది. ఊరికే వదిలేసిన ఓక్ వెండి బూడిద రంగుకి తిరుగుతుంది.

మరి ఇంత సోకు ఎవరికోసం? ఇది ఇన్‌గా కట్టింది కాదు. 1619లో రీస్ జోన్స్ అనే వకీలు ఇల్లుగా కట్టించుకున్నాడు. లడ్లో కోటలో అప్పట్లో వేల్స్ పరిపాలన మండలి కొలువు తీరేది, దానికి కోర్టు అధికారాలూ ఉండేవి. వకీళ్లకి ఆ ఊరు బంగారు గని. 1616లో యువరాజు ఛార్లెస్‌కి 'ప్రిన్స్ ఆఫ్ వేల్స్' బిరుదు వచ్చినప్పుడు లడ్లోలో వేడుకలు జరిగాయి. ఇంటి మీద చెక్కిన నిప్పుకోడి ఈకలు ఆ బిరుదు చిహ్నమే. ఇన్‌గా మారింది 1670 ప్రాంతంలో, పేరు కూడా ఈకలదే. నాకైతే ఈ ముఖం బాటసారిని పిలుస్తున్నట్టు అనిపించదు, కక్షిదారుకి ఫీజు ఎంతో ముందే చెబుతున్నట్టుంటుంది. ముందున్న బాల్కనీని మీ బొమ్మలో వేయకండి, అది 19వ శతాబ్దంలో తగిలించింది.

అభ్యాసం: ఒకే అంతస్తు తీసుకుని మోసేవాటిని ముదురుగా, సోకువాటిని పలచగా గీయండి. తేల్చుకోలేనివి వదిలేసి ప్రశ్నార్థకం పెట్టండి. నా మొదటి కాగితంలో సగం ప్రశ్నార్థకాలే.

వచ్చే పాఠానికి గ్లాస్టర్ పట్టణంలోని 'న్యూ ఇన్' ఫొటోలు చూసి ఉంచండి. పేరుకి కొత్తది, వయసుకి 15వ శతాబ్దం నడుమది. దాన్ని మొదటి నుంచీ ఇన్‌గానే మఠంవాళ్లు కట్టించారు. వీధి వైపు కాదు, లోపలి వాకిలి, చుట్టూ తిరిగే వసారాలు చూడండి.