సూది (కృత్రిమ గర్భధారణ) వేయించిన గేదె చూడి కట్టిందా? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

"మళ్లీ ఎదకు రాలేదు, కట్టిందిలే" అనుకున్నాం. మూడు నెలలకు వట్టిదని తేలింది

విశాఖ దగ్గర ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు పాడి రైతు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. చాలాసార్లు కారణం మూగ ఎద, అంటే గుర్తులు పైకి కనిపించని ఎద. ఎండాకాలం ఉక్కపోతలో గేదె అరవదు, ఎద వచ్చిపోయినా తెలియదు. ఆవుకు వేలాడినట్టు జిగురు తీగలు అంతగా వేలాడవు. తెల్లవారుజామున పడుకున్నచోట, తోక కింద గుడ్డుసొనలాంటి జిగురు కాస్త ఉంటుంది. పేడతో పాటు ఎత్తేస్తే ఆ గుర్తూ పోతుంది.

సూది వేయించిన తేదీ సాల గోడ మీద రాయండి. చూడి కట్టకపోతే మళ్లీ ఎద వచ్చేది అప్పుడే కాబట్టి 18వ రోజు నుంచి 24వ రోజు దాకా పేడ తీయకముందే లైటు వేసి నేల చూడండి. మాటిమాటికీ మూత్రం పోయడం, పాలు సరిగా చేపకపోవడం కూడా గుర్తులే. ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు ఉదయం సూది వేయించాలి. ఏ గుర్తూ లేకపోయినా 60 రోజులకు పశువైద్యుడితో చెయ్యి పెట్టించి చూడాల్సిందే. స్కానింగ్ ఉంటే 30–35 రోజులకే తెలుస్తుంది. ఎండల్లో రోజుకు రెండు మూడుసార్లు కడగండి, వీలైతే చెరువులో పడుకోనివ్వండి.

చూడి అన్నారు, మళ్లీ ఎద లక్షణాలు

పిండం పోయి ఉండొచ్చు. అయితే కొన్ని గేదెలు చూడితో ఉండగానే ఎద చూపిస్తాయి. తొందరపడి సూది వేయిస్తే గర్భాశయ ద్వారాన్ని మూసి ఉంచే జిగురు చెదిరి, ఉన్న చూడి ఈసుకుపోవచ్చు (గర్భస్రావం కావచ్చు). ముందు పరీక్ష, తర్వాతే సూది.

చివరి నెలల్లో ఈసుకుపోయింది

మొదట అనుమానించాల్సింది బ్రూసెల్లోసిస్‌నే, అంటే పశువులు ఈసుకుపోయేలా చేసే అంటురోగాన్నే. ఇది మనుషులకూ సోకుతుంది. పిండాన్ని, మాయను ఒట్టి చేతులతో ముట్టొద్దు. గ్లౌజులు వేసుకుని లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి, పాలు కాచే తాగండి. పశువుకు రక్తపరీక్ష చేయించండి. పెయ్యదూడలకు 4–8 నెలల వయసులో ఒక్కసారి టీకా వేయించాలి.

నెలలు నిండాయి, నొప్పులు వచ్చి ఆగిపోయాయి

గేదె సుమారు 310 రోజులు మోస్తుంది, ఆవు 280. ఈనే సమయానికి మేత మాని, లేస్తూ పడుకుంటూ, కాళ్లతో పొట్ట తన్నుకుంటూ, ఉమ్మనీటి సంచి మాత్రం బయటికి రాకపోతే గర్భసంచి మెలిక పడిందేమోనని చూడాలి. గేదెల్లో ఇది తరచూ కనిపిస్తుంది. చెయ్యి పెట్టి లాగకండి, నొప్పుల ఇంజెక్షను ఇప్పించకండి, గర్భసంచి చిరిగిపోతుంది. మెలిక ఎటు తిరిగిందో డాక్టరు చూసి, గేదెను ఆ పక్కకే పడుకోబెట్టి, పొట్ట మీద పలక వేసి అటే దొర్లిస్తారు. ఆలస్యమైతే ముందు దూడ, తర్వాత తల్లి పోతుంది. వెంటనే పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయండి.