గేమింగ్ పీసీ మనమే కూర్చుకుందాం – 5వ పాఠం: ఎస్ఎంపీఎస్ లేబుల్ చదవడం

ఈ పాఠం ఎస్ఎంపీఎస్ గురించి, అంటే గోడ సాకెట్ కరెంటును కంప్యూటర్ భాగాలకు తగినట్టు మార్చి అందించే డబ్బా గురించి. దానికి ముందు, పోయిన పాఠంలోని అభ్యాసానికి జవాబు. పాత కంప్యూటర్లోని డీడీఆర్4 ర్యామ్‌ను రైజెన్ 5 7600తో వాడుకోవచ్చా అని అడిగాను. కుదరదు. ఆ ప్రాసెసర్ కూర్చునే ఏఎం5 రకం మదర్‌బోర్డులు డీడీఆర్5 మాత్రమే తీసుకుంటాయి. డీడీఆర్4 స్టిక్‌కు గాడి వేరే చోట ఉంటుంది కాబట్టి అది స్లాట్లో దిగనే దిగదు. బలవంతంగా నొక్కకండి.

ఇప్పటికి మన జాబితా ఇది: రైజెన్ 5 7600, బీ650 బోర్డు, 16 జీబీ ర్యామ్ స్టిక్‌లు రెండు, 1 టీబీ ఎస్ఎస్‌డీ, 16 జీబీ ఆర్‌టీఎక్స్ 5060 టీఐ గ్రాఫిక్స్ కార్డు. డబ్బులో పెద్ద వాటా ఆ కార్డుకే ఇచ్చాం. సరిగ్గా ఇక్కడే చాలామందికి చేతిలో డబ్బు అయిపోతుంది. "ఎస్ఎంపీఎస్‌దేముంది, క్యాబినెట్‌తో వచ్చింది చాలు" అనుకుంటారు. నేనూ మొదటి కంప్యూటర్‌కు అలాగే అనుకున్నాను. డబ్బా మీద 450 వాట్లని ఉంది, నమ్మాను. గేమ్ మంచి పట్టు మీద ఉండగా కంప్యూటర్ టక్కున ఆగిపోయేది. ర్యామ్ మార్చాను, విండోస్ మళ్లీ వేశాను. అసలు జబ్బు ఎక్కడుందో తెలిసేసరికి రెండు నెలలు పట్టింది. మీకు ఆ రెండు నెలలు మిగిలితే ఈ పాఠం రాసినందుకు నాకు అదే చాలు.

మొదట మనకెంత కరెంటు కావాలో చూద్దాం. ఈ ప్రాసెసర్ పెట్టె మీద 65 వాట్లని ఉన్నా, పూర్తి పని మీద 88 వాట్ల దాకా తీసుకుంటుంది. కార్డుకు 180. బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఫ్యాన్లు అన్నిటికీ కలిపి 50 వేసుకోండి. మొత్తం 318. మరి ఈ కార్డుకు ఎన్‌విడియా 600 వాట్ల ఎస్ఎంపీఎస్ ఎందుకు పెట్టుకోమంటుంది? కార్డు తీసుకునే కరెంటు ఒకే తీరుగా ఉండదు. సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ సేపు ఉన్నట్టుండి పైకి ఎగిరి మళ్లీ దిగుతుంది. ఆ ఎగురుడుకు తట్టుకోలేని ఎస్ఎంపీఎస్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. పైగా నాసిరకం సరుకు కొనేవాళ్లను కూడా దృష్టిలో పెట్టుకుని కంపెనీలు కాస్త పెద్ద అంకె చెబుతాయి. నా మాట అడిగితే, నమ్మకమైన 650 వాట్లది తీసుకోండి. రేపు ఇంతకన్నా పెద్ద కార్డు వేసినా అది పనికొస్తుంది.

"నమ్మకమైన" అన్నది ఎలా తెలుస్తుంది? పెట్టె మీది పెద్ద అంకెను వదిలేసి, ఎస్ఎంపీఎస్ పక్కన అతికించిన పట్టికలో 12 వోల్టుల గడి చూడండి. ప్రాసెసర్, కార్డు రెండూ దాదాపు పూర్తిగా ఆ 12 వోల్టుల మీదే బతుకుతాయి. ఆ గడిలోని ఆంపియర్లను 12తో గుణించండి. 45 ఆంపియర్లు ఉంటే 540 వాట్లు. 550 అని అమ్మే సరుకుకు అది న్యాయమైన లెక్క. నా పాత డబ్బా మీద 16 ఆంపియర్లుండేవి. అంటే 192 వాట్లు! మిగతాదంతా 3.3, 5 వోల్టుల లెక్కలు కలిపి చూపించిన అంకె. కంప్యూటర్ విడిభాగాలు అమ్మే సికింద్రాబాద్ సీటీసీ లాంటి చోటికి వెళితే పెట్టె చేతిలోకి తీసుకుని ఈ గుణకారం అక్కడే చేయండి. ఆన్‌లైన్లో కొంటుంటే లేబుల్ ఫొటో ఉన్నదే కొనండి.

80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ ముద్రలు చెప్పేది ఎంత కరెంటు వృథా కాకుండా అందుతుందనే. లోపలి రక్షణల గురించి అవి ఏమీ చెప్పవు. పైగా ఆ పరీక్ష జరిగేది 23 డిగ్రీల దగ్గర. రామగుండంలోనో విజయవాడలోనో మే నెల గదిలో అంత చల్లదనం ఎక్కడిది? అందుకే 40, 50 డిగ్రీల వేడిలో కూడా పూర్తి వాట్లు ఇస్తానని కంపెనీ రాసిందేమో వెతకండి.

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందా? చాలాసార్లు అది ఎస్ఎంపీఎస్ తప్పు కాదు, గోడలోని సాకెట్‌కు ఎర్తింగ్ లేకపోవడం. ఎస్ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి కొద్దిపాటి కరెంటు క్యాబినెట్ రేకులోకి వస్తుంది. ఎర్త్ వైరు ఉంటే అటు దిగిపోతుంది, లేకపోతే మీ వేలి కోసం కాచుకుని ఉంటుంది. కంప్యూటర్ కొనే ముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి చూపించండి. ఇది మాత్రం వాయిదా వేయకండి.

యూపీఎస్ కొనేటప్పుడు వీఏ (వోల్ట్ ఆంపియర్లు) కాదు, వాట్లు చూడాలి. 600 వీఏ అని అమ్మేది సాధారణంగా 360 వాట్లే ఇస్తుంది. మానిటర్ కూడా కలిస్తే మనకది చాలదు.

ఒక్క హెచ్చరిక. కేబుళ్లు ఊడదీసే రకం ఎస్ఎంపీఎస్ అయితే, పాతదాని కేబుల్ కొత్తదానికి పెట్టకండి. దూరినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. లోపల తీగల వరస కంపెనీకో తీరుగా ఉంటుంది, ఎస్ఎస్‌డీ అక్కడికక్కడే పోవచ్చు.

ఈసారి అభ్యాసం: ఒక ఎస్ఎంపీఎస్ పెట్టె మీద 600 వాట్లని ఉంది. పట్టికలో 12 వోల్టుల గడులు రెండు, ఒక్కోదాంట్లో 18 ఆంపియర్లు. వాటి కింద "రెండూ కలిపి 384 వాట్లు" అని చిన్న అక్షరాల్లో ఉంది. దీన్ని మన జాబితాకు కొంటారా? ఏ అంకెను పట్టుకుని ఆ నిర్ణయానికి వచ్చారో కూడా రాసి పెట్టుకోండి. ఆరో పాఠంలో క్యాబినెట్‌లో గాలి ఎటు నుంచి ఎటు పోవాలో చూసే ముందు దీని జవాబు చూద్దాం.